కుక్కని గ్రూమింగ్‌కి పంపే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం లడ్డూని తీసుకుని కిందికి దిగితే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ఆపి గ్రూమింగ్ గురించి, అంటే కుక్క స్నానం, కటింగ్, గోళ్ళ గురించి అడుగుతారు. నేను పశువుల డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఒక పెట్ పార్లర్‌లో రెండేళ్ళు పనిచేసి, నడుం పట్టేసి మానేసినవాణ్ణి. లడ్డూ మా ఆరేళ్ళ కుక్క, షిట్జూ జాతి. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. జబ్బు మాట వచ్చిన చోటల్లా డాక్టర్ దగ్గరికి వెళ్ళమనే అంటాను, విసుక్కోకండి.

కుక్కకి పార్లర్ ఏంటండీ? మా ఊళ్ళో కుక్కలు చెరువులో దూకి ఒళ్ళు దులుపుకుని వచ్చేవి, వాటికేం కాలేదే?

వాటికేం కాదు. ఎందుకంటే ఊరకుక్క ఒంటి మీద వెంట్రుక కొంత పొడుగు పెరిగి ఆగిపోతుంది, తర్వాత రాలిపోతుంది. మన దేశీ కుక్కలు, రాజపాళయం, ముధోల్ హౌండ్, డాబర్‌మన్, ఇవన్నీ అంతే. వారానికోసారి రబ్బరు బ్రష్‌తో రుద్ది, గోళ్ళు, చెవులు చూసుకుంటే సరిపోతుంది. వీటికి పార్లర్‌లో 'ఫుల్ ప్యాకేజీ' తీసుకోవడం నా దృష్టిలో డబ్బు దండగ.

షిట్జూ, లాసా ఆప్సో, మాల్టీస్, పూడుల్ లాంటివి వేరు. వాటి జుట్టు మన జుట్టులాగే పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. కత్తిరించకపోతే కళ్ళలోకి వస్తుంది, కాళ్ళ కింద దూరుతుంది, వెనక భాగంలో మలం అంటుకుని ఎండిపోతుంది. ఇలాంటి కుక్కని తెచ్చుకున్నారంటే దానితో పాటు మంగలి ఖర్చు కూడా తెచ్చుకున్నట్టే. కొనేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి?

జుట్టు ఆగకుండా పెరిగే వాటికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పమేరియన్ లాంటివాటికి రెండు మూడు నెలలకోసారి మంచి స్నానం చేయించి, లోపలి ఊలు దువ్వి తీయిస్తే చాలు. ఎక్కువగా రాలే రోజుల్లో మాత్రం కాస్త ముందుగా వెళ్ళండి. అంతకంటే తరచుగా వెళ్తే తప్పేం లేదు కానీ, పార్లర్‌కి వెళ్ళడం కంటే ఇంట్లో దువ్వడమే ముఖ్యం. దాని సంగతి కింద చెప్తా.

ఎండాకాలం వస్తోంది. మా పమేరియన్‌కి గుండు చేయించమంటున్నారు. చేయించాలా?

వద్దు. దయచేసి వద్దు.

ఇది మా ఇంట్లో జరిగిన తప్పే. నా చిన్నప్పుడు కాకినాడలో మాకు స్నోయీ అని తెల్ల పమేరియన్ ఉండేది. ఒక మే నెలలో, పాపం ఉడికిపోతోందని నాన్న మిషన్ పెట్టించి నున్నగా తీయించారు. వారం పాటు అది సోఫా కింద నుంచి బయటికి రాలేదు. వీపు ఎండకి కమిలి ఎర్రబడింది. ఏడాది గడిచినా నడుం మీద వెంట్రుక సరిగ్గా రాలేదు, అక్కడక్కడ దూదిపింజల్లా మొలిచి ఆగిపోయింది. మనం పమేరియన్ అని పిలుచుకునే ఇండియన్ స్పిట్జ్‌లో, అసలు పమేరియన్లలో, హస్కీ, చౌ చౌలలో ఇలా జరగడం డాక్టర్లకి బాగా తెలిసిన విషయమే. కొన్నింటికి తిరిగి రావడానికి ఏడాదికి పైనే పడుతుంది, కొన్నింటికి మునుపటిలా ఎప్పటికీ రాదు.

వీటికి రెండు పొరలుంటాయి. పైన గరుకు వెంట్రుక, లోపల మెత్తటి ఊలు. పైపొర ఎండని చర్మం దాకా రానివ్వదు. పైగా కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టించుకోదు, నాలుక బయటపెట్టి రొప్పి చల్లబడుతుంది, కాస్తో కూస్తో పాదాల అడుగున చెమట పడుతుంది. కాబట్టి గుండు చేసి గాలి తగిలిస్తే చల్లబడిపోతుందన్నది మన ఒంటి లెక్క, దాని ఒంటి లెక్క కాదు. దానికి నిజంగా ఉపశమనం ఇచ్చేది లోపల చచ్చి పేరుకుపోయిన ఊలుని దువ్వి తీసేయడం. అండర్‌కోట్ రేక్ అనే పళ్ళ దువ్వెనతో, స్నానం తర్వాత బ్లోయర్ కొడుతూ తీస్తే ఒక్క హస్కీ నుంచి దిండుకి సరిపడా ఊలు వస్తుంది, చూసినవాళ్ళు నోరెళ్ళబెడతారు. దానితో పాటు పొట్ట దగ్గర, పాదాల మధ్య కొంచెం తగ్గించమనండి. మధ్యాహ్నం బయటికి తీసుకెళ్ళకండి, చల్లటి గచ్చు మీద పడుకోనివ్వండి.

ఆపరేషన్ కోసమో చర్మవ్యాధికి మందు రాయడం కోసమో డాక్టర్ తీయమంటే అది వేరే సంగతి, అప్పుడు తీయించాల్సిందే.

షిట్జూని కుదురుగా కత్తిరించమని ఇస్తే 'జడలు కట్టాయి, మొత్తం తీసేయాలి' అంటున్నారు. పని తప్పించుకోడానికేనా?

పార్లర్ రోజుల్లో ఎక్కువ గొడవలు ఈ ఒక్క విషయం మీదే అయ్యేవి. చాలాసార్లు వాళ్ళు చెప్పేది నిజం.

మీకు పైనుంచి చేత్తో నిమిరితే మెత్తగానే ఉంటుంది. చర్మం దగ్గర మాత్రం వెంట్రుకలు అల్లుకుపోయి నులక మంచంలా బిగిసి ఉంటాయి. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద, తొడల లోపల ముందు మొదలవుతుంది. అలా బిగిసినప్పుడు కుక్క కదిలిన ప్రతిసారీ చర్మం లాగుతుంది. కింద తడి చేరి పుండ్లు పడతాయి, గోమార్లు చేరతాయి. దాన్ని రెండు గంటలు కూర్చుని దువ్వి విప్పొచ్చు, కానీ ఆ రెండు గంటలూ ఎవరో మీ జుట్టు పట్టుకుని పీకుతున్నట్టే ఉంటుంది దానికి. ఆ బాధ పెట్టే కంటే తీసేయడమే దయ. వెంట్రుక మళ్ళీ వస్తుంది. దువ్వెన అంటే ఒకసారి పుట్టిన భయం మాత్రం అంత తేలిగ్గా పోదు.

అలా తీసేటప్పుడు పదో నంబర్ బ్లేడు వాడతారు, అది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ వెంట్రుకే మిగులుస్తుంది. చిక్కు చర్మానికి అంటుకుని ఉంటే అంతకంటే పొడుగు ఉంచడం కుదరదు, ఎందుకంటే బ్లేడు చిక్కు కిందికి దూరాలి. కింద అప్పటికే ఉన్న ఎర్రటి మచ్చలు, పుండ్లు అప్పుడు బయటపడతాయి, యజమానేమో గ్రూమరే గాయం చేశాడని మీద పడతాడు. అందుకే మంచి గ్రూమర్ తీసే ముందే మీకు ఫోన్ చేస్తాడు, ఫొటో పంపిస్తాడు. మీతో ఒక మాట కూడా చెప్పకుండా గుండు చేసి అప్పగిస్తే మాత్రం కోప్పడే హక్కు మీకుంది.

అయితే ఇంట్లో ఎలా దువ్వాలి? రోజూ దువ్వుతూనే ఉన్నాం కదా!

పైపైన దువ్వుతున్నారు. అందరూ చేసేది అదే, నేనూ మొదట్లో అదే చేశా. బ్రష్ వీపు మీద జారుతుంటే కుక్కకి హాయిగా ఉంటుంది, మనకీ పని చేసినట్టు ఉంటుంది, కింద చిక్కు మాత్రం అలాగే ఉంటుంది.

రెండు వస్తువులు కొనండి. స్లికర్ బ్రష్ అని వంగిన సన్నటి తీగలుండేది ఒకటి, స్టీలు దువ్వెన ఒకటి. కుక్కని పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో జుట్టుని పైకెత్తి పట్టుకోండి. చర్మం గీతలా కనిపించాలి, అమ్మ తలలో పాపిడి తీస్తుంది చూడండి, అలా. అక్కడి నుంచి కొంచెం కొంచెం కిందికి వదులుతూ దువ్వండి. ఆఖరికి స్టీలు దువ్వెన చర్మం నుంచి కొస దాకా ఆగకుండా వస్తే అయిపోయినట్టు. ఆగితే అక్కడ చిక్కు ఉంది. దాన్ని కొసల వైపు నుంచి విప్పుకుంటూ రండి, మొదట్లో పట్టుకుని గుంజకండి.

ఇంకోటి, స్నానానికి ముందే దువ్వాలి. చిక్కు మీద నీళ్ళు పడి ఆరితే అది ఇంకా బిగుస్తుంది. ఆదివారం స్నానం చేయించి సోమవారం పార్లర్‌కి తెచ్చేవాళ్ళు ఉండేవారు, 'మీకు పని తగ్గిద్దామనండీ' అని. పాపం వాళ్ళ ఉద్దేశం మంచిదే.

మన షాంపూ వాడొచ్చా? బేబీ షాంపూ? కుంకుడుకాయ? డెటాల్?

మన చర్మానికి కాస్త ఆమ్ల గుణం ఎక్కువ, కుక్క చర్మం దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా మన చర్మం కంటే పల్చన. మన షాంపూ ఒకసారి వాడితే ప్రాణం పోదు, కానీ వాడగా వాడగా పొడిబారి, పొట్టు లేచి, గోకుడు మొదలవుతుంది. బేబీ షాంపూ మెత్తగా ఉంటుంది నిజమే, కానీ అదీ మనిషి పాపాయి కోసం చేసిందే. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మీకే తెలుసు, అది నోరు తెరిచి చెప్పలేదు కూడా.

డెటాల్ నీళ్ళ స్నానం మాత్రం మానేయండి. 'క్రిములు చస్తాయి' అని మన ఇళ్ళలో బకెట్లో మూత పోసేస్తారు. చర్మం మంట పుడుతుంది, అది నాక్కుంటుంది, ఆ మందు కడుపులోకి వెళ్తుంది. పిల్లులకైతే ఇంకా ప్రమాదం. టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిపిన నూనెలు కూడా అంతే, సహజం అని రాసి ఉంటే కుక్కకి మంచిదని కాదు. కొబ్బరినూనె ఒళ్ళంతా పట్టిస్తే దుమ్ము పట్టడం తప్ప లాభం లేదు, పాదాలు పగిలితే చుక్క రాయండి, అంతవరకే.

డాక్టర్ రాసిన మందు షాంపూ అయితే రుద్దిన వెంటనే కడిగేయకూడదు, సాధారణంగా పది నిమిషాలు ఉంచమంటారు. పార్లర్‌లో ఇస్తే ఈ సంగతి గట్టిగా చెప్పండి, లేకపోతే రెండు నిమిషాల్లో కడిగేస్తారు. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకం ఉన్న షాంపూ కంట్లో పడితే నల్లగుడ్డుకి దెబ్బ, షిట్జూ, పగ్ లాంటి ఉబ్బు కళ్ళ కుక్కలకి మరీ.

గోమార్లు పట్టాయి. గ్రూమింగ్‌కి వెళ్తే పోతాయా?

గోమార్లు అన్నా, పిడుదులు అన్నా ఒకటే. పార్లర్‌లో టిక్ బాత్, అంటే గోమార్లని చంపే మందు స్నానం చేయిస్తే ఆ రోజు ఒంటి మీద ఉన్నవి పోతాయి. మళ్ళీ వారానికి అన్నీ వచ్చేస్తాయి, ఎందుకంటే ఒంటి మీద కనిపించేవి కొన్నే. ఆడ గోమారు రక్తం తాగి ఉబ్బి, రాలి, గోడ పగుళ్ళలోకీ తలుపు చట్రం వెనక్కీ పాకి వేల గుడ్లు పెడుతుంది. ఇల్లు శుభ్రం చేయకుండా కుక్కని మాత్రమే కడిగితే అది ఎప్పటికీ తెగని పని.

డాక్టర్ని అడిగి నెలకోసారో మూడు నెలలకోసారో ఇచ్చే మాత్ర గానీ మెడ మీద వేసే చుక్కల మందు గానీ మొదలుపెట్టండి. మూర్ఛ వచ్చే కుక్క అయితే మాత్ర ఇచ్చే ముందే ఆ సంగతి చెప్పాలి. ఫిప్రోనిల్ చుక్కల మందు అయితే వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. ఉదయం చుక్కలు వేయించి సాయంత్రం గ్రూమింగ్‌కి తెచ్చి మందంతా కాలువలో కలిపేసినవాళ్ళు బోలెడుమంది.

టిక్ బాత్‌కి వాడే అమిట్రాజ్ గట్టి మందు. సీసా మీద రాసినంత నీళ్ళలోనే కలపాలి, ఒంటి మీద పుండ్లుంటే వాడకూడదు, చిన్న కుక్కపిల్లలకీ, చివావా అనే బుల్లి జాతి కుక్కలకీ అసలు వద్దు. పార్లర్‌లో 'ఏం మందు వేస్తున్నారు, ఎంత కలిపారు' అని అడగండి. సమాధానం చెప్పలేకపోతే టిక్ బాత్ వద్దనేయండి.

చేత్తో తీసేటప్పుడు ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల పెట్టడం మానండి. ఇక కుక్క తిండి మానేసి, జ్వరంతో మూలన పడుకుని, చిగుళ్ళు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే అది గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు. అప్పుడు పార్లర్ కాదు, అదే రోజు రక్తపరీక్ష.

గోళ్ళు?

కుక్క గచ్చు మీద నడుస్తుంటే టకటక చప్పుడు వస్తోందంటే పెరిగినట్టే. మూడు నాలుగు వారాలకోసారి చూడండి. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి, తెల్ల గోరులో గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్ల గోరులో కనిపించదు కాబట్టి కొంచెం కొంచెంగా తీయాలి. తెగితే రక్తం బాగానే వస్తుంది, కంగారు పడకండి, రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ అద్దండి, లేదంటే ఇంట్లో మొక్కజొన్న పిండి ఒత్తి పట్టుకోండి. కాలి పక్కన పైకి ఉండే బొటనగోరు నేలకి తగలదు, అరగదు, గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగుతుంది. అందరూ మర్చిపోయేది దాన్నే.

చెవుల్లో వెంట్రుకలు పీకాలా?

చెవి బాగుంటే కదపకండి. పూడుల్ లాంటి వాటికి లోపల దట్టంగా పెరిగి, మాటిమాటికీ చెవి చీము పడుతుంటే డాక్టర్ చెప్పిన ప్రకారం తీయించండి. స్నానానికి ముందు చెవిలో దూది ఉండ పెట్టి, తర్వాత మర్చిపోకుండా తీయాలి (మర్చిపోతారు, నేను ఒకసారి మర్చిపోయా). బడ్స్ లోపలికి దూర్చొద్దు. పుల్లటి వాసన, నల్లటి గసి, తల విదిలించడం ఉంటే అది మురికి కాదు, ఇన్‌ఫెక్షన్.

మలద్వారం పక్కనుండే గ్రంథులు పిండిస్తారట, అది ప్రతిసారీ చేయించాలా?

అక్కర్లేదు. ఇబ్బంది లేని కుక్కకి అవి మలంతో పాటు వాటంతట అవే ఖాళీ అవుతాయి. వెనక భాగం నేలకేసి ఈడ్చుకుంటూ పోతుంటేనో, అక్కడ వాచితేనో డాక్టర్‌కి చూపించండి. ప్యాకేజీలో ఉంది కదా అని చేయించకండి.

కుక్కపిల్లని ఎప్పుడు మొదటిసారి తీసుకెళ్ళాలి?

వ్యాక్సిన్ల వరస పూర్తయ్యాక. మామూలుగా 16 వారాల దగ్గర చివరి డోసు పడుతుంది, తర్వాత ఓ పది రోజులు ఆగండి. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, పార్లర్ అంటే నాలుగు ఇళ్ళ కుక్కలు వచ్చే చోటు. మీ కార్డు అడగని పార్లర్ పక్క కుక్క కార్డు కూడా అడిగి ఉండదు, అది గుర్తుపెట్టుకోండి.

ఈలోపు ఇంట్లోనే అలవాటు చేయండి. పాదాలు పట్టుకోవడం, చెవి ఎత్తడం, దూరం నుంచి డ్రయ్యర్ చప్పుడు వినిపించడం, ప్రతిసారీ ఒక చిన్న ముక్క తినిపించడం. మొదటిసారి వెళ్ళినప్పుడు స్నానం, గోళ్ళు, అంతే. కటింగ్ తర్వాత.

మంచి పార్లర్ అని ఎలా తెలుస్తుంది?

వెటర్నరీ డాక్టర్‌కి 1984 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. గ్రూమర్‌కి అలాంటి తప్పనిసరి లైసెన్సు ఏదీ లేదు. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ మూడు రోజుల కోర్సుది కావచ్చు, ఆరు నెలలది కావచ్చు. కాబట్టి అద్దాల మెరుపు, ఇన్‌స్టా రీల్స్ చూడకండి, పని చేసే గది చూడండి. చూడనివ్వకపోతే బయటికి వచ్చేయండి.

నేను ముందు చూసేది డ్రయ్యింగ్. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదాలు ఎక్కువగా అక్కడే. పంజరంలో పెట్టి వేడిగాలి పెట్టి వేరే పనిలో పడిపోతారు. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, అది 105 దాటితే వడదెబ్బే. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు రొప్పి సరిగ్గా చల్లబడలేవు, వాటి ప్రాణం మీదికి రావడానికి పావుగంట చాలు. చేత్తో పట్టుకుని, చల్లటి గాలితో, మనిషి పక్కనే ఉండి ఆరబెట్టాలి. మా వాడి కోసం నేను ఇది రాయించుకుని మరీ ఇస్తా, నవ్వుకుంటే నవ్వుకోనీ.

తర్వాత టేబుల్. పైనుంచి మెడకి ఒక తాడు కడతారు, అది తప్పు కాదు, కానీ అలా కట్టి ఒక్క క్షణం కూడా వదిలి వెళ్ళకూడదు. దూకితే ఉరే.

షాంపూ గురించి ఎవరూ అడగనిది ఒకటుంది. చిక్కటి షాంపూని నీళ్ళలో కలిపి సీసాల్లో పెడతారు. అలా కలిపింది రోజుల తరబడి ఉంటే అందులో బాక్టీరియా పెరుగుతుంది, అదే ఒంటికి రుద్దితే వెంట్రుక కుదుళ్ళలోకి వెళ్ళి కూర్చుంటుంది. 'ఏ రోజుది ఆ రోజే కలుపుతారా?' అని అడగండి. ఆ ప్రశ్న వినగానే వాళ్ళ మొహం చూస్తే మీకు అర్థమైపోతుంది.

బ్లేడ్లు, దువ్వెనలు కుక్క కుక్కకీ క్రిమిసంహారకంతో తుడుస్తున్నారా, బ్లేడు వేడెక్కిందేమో మధ్యమధ్యలో చేతి మీద పెట్టి చూసుకుంటున్నారా, ఇవి చూడండి. తామర లాంటిది కుక్క నుంచి కుక్కకే కాదు, మీ ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది.

పక్కన నిలబడతానంటే ఒప్పుకోవట్లేదు. అనుమానించాలా?

అంతలోనే అనుమానం వద్దు. యజమాని కనిపిస్తే కుక్క అటే దూకుతుంది, కత్తెర చేతిలో ఉన్నప్పుడు అది ప్రమాదం. అద్దం వెనక నుంచి చూసే వీలో కెమెరానో ఉంటే చాలు. రెండూ లేవంటే నేనైతే పంపను.

మావాడు కరుస్తాడు. మత్తు మాత్ర ఇచ్చి చేస్తామన్నారు.

గ్రూమర్ మత్తు ఇవ్వకూడదు. అది డాక్టర్ పని. గుండె, ఊపిరి పరీక్షించి, బరువు తూచి, డాక్టర్ ఉన్న చోటే జరగాలి. చప్పిడి ముక్కు కుక్కకీ, ముసలిదానికీ మత్తు సరిపడకపోతే ఊపిరే ఆగొచ్చు. భయపడే కుక్క అయితే ముందు రోజు డాక్టర్‌ని కలిసి, ఆందోళన తగ్గించే మందు ఏదైనా అవసరమా అని అడగండి, లేదా క్లినిక్‌లోనే గ్రూమింగ్ చేసేచోటు వెతకండి.

కరుస్తుందన్న సంగతి దాచొద్దు. 'అబ్బే, మా వాడు బంగారం' అని వదిలేసి వెళ్తే నా బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి ఒకసారి. అలాగే మూర్ఛ, గుండె జబ్బు, కీళ్ళ నొప్పి, ఎక్కడైనా గడ్డ, కడుపుతో ఉండటం, అన్నీ ముందే చెప్పండి. వెంట్రుకల కింద పులిపిరి ఉందని తెలియక బ్లేడుతో కోసేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ఖర్చు ఎంతవుతుంది?

ఊరిని బట్టి, కుక్క సైజుని బట్టి, చిక్కుని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో లడ్డూకి కటింగ్, స్నానం, గోళ్ళు కలిపి నేను కిందటిసారి కట్టింది 1,500. ధర ముందే అడిగి, చిక్కుకి, టిక్ బాత్‌కి విడిగా ఎంత తీసుకుంటారో కూడా అడగండి, బిల్లు దగ్గర గొడవ వచ్చేది వాటి మీదే. ఇంటికొచ్చే వ్యాన్‌కి కొంచెం ఎక్కువ పడుతుంది. భయస్థులైన కుక్కలకీ ముసలివాటికీ అది మంచిదే, పక్కన వేరే కుక్క ఉండదు కదా. కాకపోతే మే నెలలో ఆ వ్యాన్‌లో ఏసీ పనిచేస్తోందో లేదో ఎక్కి చూసుకున్నాకే ఇవ్వండి.

ఇంటికొచ్చాక ఏం గమనించాలి?

ఆ రోజంతా పడుకుంటే ఫర్వాలేదు, అలసట. కానీ ఒక కన్ను మూసుకుని ఉంటే, ఎర్రబడి నీరు కారుతుంటే తెల్లారేదాకా ఆగకండి, కంట్లో షాంపూ పడి పుండు పడి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో వీపు మీద చేయి వేస్తే అరిచి, పొక్కులు లేచి, జ్వరం వచ్చిందంటే ఇందాక చెప్పిన పాత షాంపూ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. చాలామంది నడుం పట్టిందనుకుంటారు. డాక్టర్‌కి 'రెండు రోజుల కిందట గ్రూమింగ్ అయింది' అని తప్పకుండా చెప్పండి, ఆ ఒక్క ముక్కతో ఆయన పని సగం తేలికవుతుంది. బాగా బిగిసిన చిక్కు తీశాక చెవులు అదే పనిగా విదిలిస్తే చెవి డొప్పలో రక్తం చేరి ఉబ్బుతుంది, అదీ చూస్తుండండి. వర్షాకాలంలో ఇంకోటి, కాలి వేళ్ళ మధ్య తడి ఉండిపోతే రెండ్రోజుల్లో వాసన, దురద మొదలు. తువ్వాలుతో ఒక్కో వేలూ విడదీసి తుడవండి.

గ్రూమింగ్‌లో గాయమైతే ఏం చేయాలి?

లడ్డూకి రెండేళ్ళప్పుడు ఒకచోట చెవి కొస తెగింది. చిక్కు అనుకుని కత్తెరతో కోశారు, అందులో చెవి కూడా ఉంది. చెవి కొస చిన్నగా తెగినా తల విదిలించినప్పుడల్లా గోడలన్నీ రక్తమే. తెగడం కంటే నాకు కోపం తెప్పించింది, వాళ్ళు దాని మీద పౌడర్ అద్ది, పైన బో కట్టి, ఏమీ చెప్పకుండా పంపించడం. కారులో చూశాక తెలిసింది.

కాబట్టి తీసుకునేటప్పుడు తొందరపడకండి. అక్కడే చెవులు, పాదాలు, పొట్ట, తోక కింద ఒకసారి చూడండి. ఏదైనా ఉంటే ఫొటో తీసి, అప్పుడే అడగండి. శుభ్రమైన గుడ్డతో ఒత్తి పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చేతిలో కత్తెర ఉన్న ఎవరికైనా పొరపాటు జరుగుతుంది, నాకూ జరిగాయి. చెప్పి, బిల్లు తామే కడతామన్నవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. దాచినవాళ్ళ దగ్గరికి వద్దు.

పళ్ళు కూడా తోముతామంటున్నారు.

నెలకోసారి తోమితే ఎంతో, తోమకపోయినా అంతే. రోజూ ఇంట్లో కుక్కల పేస్టుతో తోమండి. మన పేస్టు వద్దు, కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కకి విషం. గార గీకించడం డాక్టర్ దగ్గరే.

రంగు వేయించడం, సెంటు కొట్టించడం, బొట్టు పెట్టడం?

రంగు, సెంటు నాకు నచ్చవు. దాని ముక్కుకి మన సెంటు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. బొట్టు అంటారా, మా అమ్మ ప్రతి శుక్రవారం లడ్డూకి పెడుతుంది, నేను ఆపలేకపోయాను. కంట్లో పడకుండా కాస్త పైకి పెట్టమన్నాను, వాడు అయిదు నిమిషాల్లో సోఫాకి తుడిచేస్తాడు.

మా కుక్కకి 13 ఏళ్ళు. ఇంకా పార్లర్‌కి తిప్పాలా?

అందంగా కనిపించక్కర్లేదు దానికి. పాదాల అడుగు వెంట్రుక తీయించండి, మార్బుల్ మీద కాళ్ళు జారిపోకుండా. వెనక భాగం, కళ్ళ దగ్గర పొట్టిగా ఉంచండి. ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి ఈ వారం స్నానం, వచ్చే వారం గోళ్ళు, ఇలా విడదీసి చేయించండి. పడుకోబెట్టి చేయమనండి, తెలిసిన గ్రూమర్ అయితే ఒప్పుకుంటాడు. పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, అప్పటికింకా అక్కడ వేరే కుక్కల గోల మొదలవదు.